మాట వెంట వచ్చే చుట్టాలు

మా పెళ్ళైన కొత్తలో ఒక మధ్యాహ్నం పెరట్లో వడియాలు పెడుతూ, "ఇయ్యాళ వాన రాదు" అన్నాను. నాలో నేను అనుకున్న మాట అది, ఎవరినీ ఉద్దేశించింది కాదు. పక్కన స్టూలు మీద కూర్చుని చదువుకుంటున్న మా ఆయన పుస్తకం మూసి నా వైపు తిరిగారు. "ఏం జరిగితే నీ మాట తప్పని ఒప్పుకుంటవు?" అని అడిగారు.

నాకు మొదటినుంచీ ముక్కు మీదే కోపం. పిండి చేతులు నడుం మీద పెట్టుకుని, "ఏం జరిగితేనా? వానొస్తే!" అన్నాను.

"గట్లయితే నీది మంచి మాట" అని మళ్ళీ పుస్తకం తెరిచారు.

వాన రాలేదు, వడియాలు శుభ్రంగా ఎండాయి. కానీ చీర నిండా పిండి మరకలు. తర్వాత మా అమ్మ చూడటానికి వచ్చినప్పుడు, "ఎవరికిచ్చి చేసినవే నన్ను?" అని నిలదీశాను. ఆమె మాత్రం ఏం చెప్తుంది పాపం. మా ఆయన ఉద్యోగం ఏమిటో చుట్టాలకు చెప్పలేక అప్పటికే మా నాన్న నానా అవస్థలు పడుతున్నాడు. అశ్వారావుపేటలో మా పెదనాన్న ఒకసారి నలుగురిలో అడిగాడు.

"అల్లుడు ఏం చేస్తడు రా?"

"యూనివర్సిటీల పాఠం చెప్తడు."

"ఏం పాఠం?"

"సైన్సు చెప్పేది ఎందుకు నమ్మాలె, ఎంత దాంక నమ్మాలె... గది."

"నమ్మనీకి గూడ జీతమిస్తరా?" అని మా పెదనాన్న నోరు తెరిచాడు. ఆ మాట మా ఆయనకు ఎంత నచ్చిందంటే, పట్నంలో తోటి మాస్టర్లందరికీ చెప్పి నవ్వించారు. అలాంటి మనిషి ఆయన. తన మీద జోకు వేస్తే ముందు తనే నవ్వుతారు.

ఆయనది తిరుమలాయపాలెం వైపు పల్లె. మిరప వేసే ఇల్లు. ఆయన చిన్నప్పుడు ఒక ఏడు చేనంతా ఆకు ముడతొచ్చి పోయిందట. పోయాక ఊరందరూ కారణాలు చెప్పారట. ఒకరు విత్తనం అన్నారు, ఒకరు మందు అన్నారు, ఇంకొకరు గట్టు మీద అమ్మవారికి చెయ్యాల్సింది చెయ్యలేదన్నారు, ఆఫీసు నుంచి వచ్చినాయన వాతావరణం అన్నాడు. వాళ్ళ మధ్య నిలబడి ఈయన, "గివన్నీ మీకు తెలిస్తే చేను పచ్చగున్నప్పుడే ఎందుకు చెప్పలే?" అని అడిగాడట. వాళ్ళ నాన్న చెంప ఛెళ్ళుమనిపించాడు. ఆ దెబ్బే తనకు మొదటి డిగ్రీ అని మా ఆయన చెప్పుకునేవారు.

ఆయన రాసిన పుస్తకాలు నేను చదవలేదు. చదివినట్టు నటించడం కూడా నాకు చేతకాదు. కానీ అందులో ఉన్న సంగతి మొత్తం నా వంటింట్లో విన్నాను. ఒకరోజు కందిపప్పు ఎంతకీ ఉడకలేదు. నేను కొట్టువాణ్ణి తిట్టడం మొదలుపెట్టాను. చెత్త పప్పు అంటగట్టిండు, వాని కొట్టు తగలబడ అని, ఇంకా ఏమేమో. ఈయన వంటింటి గుమ్మంలో నిలబడి తాపీగా విన్నారు.

"పప్పును తిడుతున్నవు సరే. పరీక్షకు పప్పొక్కటే రాలే కదా. దాని ఎంట బోరు నీళ్ళొచ్చినయి, కుక్కర్ రబ్బరొచ్చింది, నువ్వు పెట్టిన మంట వచ్చింది. ఏ మాటా ఒంటరిగా పరీక్షకు రాదు. చుట్టాలందరినీ ఎంటేసుకొని వస్తది. ఓడిపోయినప్పుడు తప్పు ఎవరిదో ఎట్ల చెప్తవు?"

నేను గరిట చూపించాను. ఆయన ఒక అడుగు వెనక్కి వేశారే గానీ మాట ఆపలేదు.

"తప్పు చుట్టాల మీదికి తోసెయ్యొచ్చు. దాంట్ల దోషం లేదు. ఒక్కోసారి నిజంగనే చుట్టానిదే తప్పు. కానీ తోసినాక ఆ చుట్టాన్ని గూడ పిలిచి అడగాలె. ఊకె తోసేసి చేతులు దులుపుకుంటే అది సాకు అయితది."

మర్నాడు అదే పప్పును తాగే మంచినీళ్ళతో ఉడకబెట్టాం. వెన్నలా ఉడికింది. మా ఆయన ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇప్పుడు కొట్టువాడికి ఏ ముఖం చూపించాలి? తిట్టేటప్పుడు వాడు వినలేదు కాబట్టి సరిపోయింది.

ఆయన చదువంతా ఈ రెండు మాటల్లో ఉంది. నీ మాట ఎప్పుడు తప్పవుతుందో ముందే చెప్పు. తప్పయినప్పుడు చుట్టాల చాటున దాక్కోకు. ఇంతే. దీని గురించి ఎక్కడెక్కడి వాళ్ళతోనో వాదనలు, సభలు. శిష్యులు ఇంటికొచ్చి నా చేతి పులుసు తింటూ గంటలకొద్దీ కొట్లాడుకునేవాళ్ళు. వాళ్ళలో ఒకడు ఎప్పుడైనా పల్లెటూరి నమ్మకాలను వెక్కిరిస్తే మాత్రం ఈయన ఊరుకునేవారు కాదు. "నవ్వకుంట అడుగు. వాళ్ళు ఏ పని కోసం ఆ మాట పట్టుకున్నరో తెల్వకుంట నవ్వేది సైన్సు కాదు, పొగరు" అనేవారు. ఆయన గొంతు పెరిగేది అలాంటప్పుడే.

రిటైరయ్యాక పట్నంలో ఏముందని, మా నాన్న నాకిచ్చిన భూమిలో ఇల్లు కట్టుకున్నాం. అశ్వారావుపేట దాటి అడవి అంచున ఉంటుంది. అందరిలాగే మేమూ పామాయిల్ వేశాం. మొక్కలు ఆయన స్వయంగా తాడు పట్టి, వరసలు చూసి నాటించారు. గట్టు మూలన ఒక ఇప్పచెట్టును మాత్రం కొట్టనివ్వలేదు. దాని పూలు ఏరుకునేది పక్క గూడెంలోని కోయ కుటుంబం. ఆ ఇంటావిడే మా తోటలో గెలలు కోసేటప్పుడు రాలిన పండ్లు ఏరడానికి వస్తుంది. నా ఈడుదే. నన్ను అమ్మా అంటుంది, నేను ఆమెను వదినా అంటాను. ఇద్దరం ఒకరి మీద ఒకరం అరుచుకుంటూ పని చేస్తాం.

పామాయిల్ తోట గురించి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. చెట్లు ఎదిగాక లోపల దారి తప్పడం చాలా తేలిక. ఎటు చూసినా ఒకటే వరస, ఒకటే నీడ, నరికి పోగేసిన మట్టలు కూడా ఒకేలా ఉంటాయి. ఆకాశం కనపడదు. విరిగిన మట్ట ఒకటి గుర్తు పెట్టుకుని లోపలికి వెళ్తాం, వచ్చేసరికి కోతవాళ్ళు దాన్ని నరికేసి ఉంటారు. నేనే ఒకసారి మా తోటలో నడుస్తూ నడుస్తూ వేరేవాళ్ళ తోటలో తేలి, వాళ్ళింట్లో టీ తాగి, వాళ్ళ బండి మీద ఇంటికొచ్చాను. ఈ చుట్టుపక్కల ఇలాంటి కథ లేని ఇల్లు లేదు. మా ఆయన ఒక్కరే ఎప్పుడూ తప్పలేదు. నేల ఎటు వాలుతుందో పాదాలకు తెలుస్తుందనేవారు.

శనివారం శనివారం స్కూటర్ వేసుకుని ఊళ్ళో కాలేజీకి వెళ్ళి పిల్లలకు పాఠం చెప్పేవారు. ఎవరూ రమ్మనలేదు, జీతం లేదు. వారమంతా ఆ శనివారం కోసమే బతికేవారు. శుక్రవారం సాయంత్రమే చొక్కా ఇస్త్రీ చేయించుకుని దండెం మీద వేసుకునేవారు. పెళ్ళికొడుకు బయలుదేరుతున్నాడని నేను ఏడిపించేదాన్ని.

అలాంటి ఒక శనివారం కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే అరుగు మీద కూర్చున్నారు.

"ఇయ్యాళ పిల్లలు నవ్విండ్రు."

"నవ్వితే మంచిదే గదా?"

"పోయిన వారం చెప్పిన పాఠమే మొత్తం మళ్ళ చెప్పిన్నంట. నాకు యాదికి లేదు."

"మంచి మాట రెండుసార్లు చెప్తే ఏం మునిగింది? పిల్లల చెవులకు ఎక్కాలె గదా" అన్నాను. కానీ అంతకుముందే ఇంట్లో కొన్ని చూసి ఉన్నాను. చెంచాను "అది... అదే" అంటున్నారు. చారులో ఉప్పు వేసి, మళ్ళీ వేస్తున్నారు. స్నానం చేసి వచ్చి స్నానానికి బయలుదేరుతున్నారు. ప్రతిదానికీ నా దగ్గర ఒక సమాధానం ఉండేది. నిద్ర చాలలేదు, ఎండ ఎక్కువగా ఉంది, సుగరు పెరిగి ఉంటుంది. ఒక్కదాన్ని కూడా పిలిచి అడగలేదు నేను. అడిగితే ఏం చెప్తుందోనని భయం.

చివరికి ఖమ్మం వెళ్ళాం, కారు కిరాయికి మాట్లాడుకుని. పెద్ద డాక్టరు తలకు స్కానింగ్ తీయించాడు, ఏవేవో అడిగాడు, బొమ్మలు గీయించాడు. "ఇప్పుడే గట్టిగా చెప్పలేం. వయసు వల్ల కావచ్చు. మతిమరుపు జబ్బు మొదలవుతుండొచ్చు. కొన్నాళ్ళు చూద్దాం" అన్నాడు. నేను ఆ "వయసు" అన్న మాటను రెండు చేతులతో పట్టుకున్నాను. దారి పొడవునా డ్రైవర్‌కు కూడా చెప్పాను, వయసేనంట బాబూ, ఇంకేం లేదంట అని.

పెనుబల్లిలో టీ కోసం ఆగాం. డ్రైవర్ అవతలికి వెళ్ళాడు. ఆయన గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని, "ఒక మాట అనుకుందాం" అన్నారు.

"ఏంది?"

"ఏం జరిగితే నాకు జబ్బుందనుకొని బతకాలె? ఇప్పుడే చెప్పుకోవాలె. జరిగినంక చెప్పుకుంటే నా మనసు వకీలు లెక్క వాదిస్తది. నాకంటె పెద్ద వకీలువి నువ్వున్నవు."

"డాక్టరే చెప్పలేమన్నడు గదండి!"

"డాక్టరు చెప్పేది జబ్బు సంగతి. నేను చెప్పేది స్కూటర్ సంగతి. రోడ్డు మీద ఎవలన్న పిల్లగాడు అడ్డమొస్తే? క్లాసుల తప్పు చెప్తే? అది ఎదుటోళ్ళకు తగిలే దెబ్బ." కొంచెం ఆగి అన్నారు. "పేర్లు మర్చిపోతే లెక్క కాదు, ఎప్పుడూ మర్చిపోతా. కళ్ళద్దాలు లెక్క కాదు. మన తోటల, నా చేత్తోని నాటిన తోటల, పంపు షెడ్డు కాడికెళ్ళి ఇంటికి రాలేకపోతే మాత్రం అయిపోయినట్టు. ఆ రోజు బండి తాళం నీకిస్త. కాలేజీ బంద్."

నాకు కోపం ముంచుకొచ్చింది. "పామాయిల్ తోటల దారి తప్పనోడెవడు? నేను తప్పలే? గదేం పరీక్ష!"

"అవ్. అందరు తప్పుతరు. నేను తప్పను. గందుకే ఆ పరీక్ష పెట్టిన. రేపు నువ్వు ఈ మాటే అంటవని తెలుసు. ఆ సాకు ఇయ్యాళనే తీసేస్తున్న."

చెయ్యి చాచారు. టీ కొట్టువాడు మమ్మల్ని వింతగా చూస్తున్నాడు. నేను చేతిలో చెయ్యి వేశాను. వెయ్యకపోతే అక్కణ్ణుంచి లేచేలా లేరు మరి.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. ఆయన మోటరు వేయడానికి వెళ్ళిన ప్రతిసారీ నేను ఏదో పని పెట్టుకుని వాకిట్లోకి వచ్చేదాన్ని. ఆయన చెట్ల మధ్య నుంచి బయటికి రాగానే లోపలికి పారిపోయేదాన్ని. ఆయనకు తెలుసు. ఒకసారి, "పరీక్ష రాసేది నేనా నువ్వా?" అన్నారు.

గెలల కోతరోజు ఒకటి వచ్చింది. పొద్దు వాలుతోంది. ట్రాక్టర్ నిండింది, కోతవాళ్ళు కొడవళ్ళు కట్టిన గడలు భుజాన వేసుకుని బయలుదేరుతున్నారు. మోటరు ఆపి వస్తానని వెళ్ళిన మనిషి రాలేదు. మోటరు చప్పుడు ఆగలేదు. ఫోన్ చేస్తే మంచం మీద మోగింది. నేను, వదిన తోటలో పడ్డాం. నేను పిలుస్తూనే ఉన్నాను, గొంతు పోయేలా. జవాబు లేదు.

వదిన నా వెనక నడుస్తూ, "మరులుతీగ తొక్కిండేమో సారు" అంది.

ఆ మాట చిన్నప్పటినుంచీ విన్నదే. అడవిలో ఒక తీగ ఉంటుందట. తొక్కితే దారి మర్చిపోయి ఉన్నచోటే తిరుగుతుంటారట. ఇంకో మనిషి వచ్చి ముట్టుకునేదాకా ఇంటి దారి కనపడదట. అడవికి పోయినవాళ్ళు రాకపోతే గూడెంలో మొదట అదే అంటారు, అనుకుని వెతకడానికి బయలుదేరుతారు.

నాకు అసలే ప్రాణం నోట్లో ఉంది. గయ్యిమన్నాను. "పామాయిల్ తోటల మరులుతీగ యాడిది వదినా! కలుపుమందు కొట్టి గడ్డిపరక గూడ లేకుంట చేసినం!"

"మొక్క పోతే ఏందమ్మా. నేల అడివి నేలనే గదా" అంది ఆమె, ఏ మాత్రం తగ్గకుండా. "మీరు అరవకుండ్రి. అరిస్తే రాడు. పోయి పట్టుకోవాలె."

పంపు షెడ్డుకు కూతవేటు దూరంలో దొరికారు. మట్టల కుప్ప పక్కన కూర్చుని ఉన్నారు. మోటరు మోత అక్కడికి చక్కగా వినిపిస్తోంది. చేతుల నిండా మట్టల ముళ్ళు గీరుకున్న గీతలు. కాళ్ళకు మోకాళ్ళ దాకా బురద. ఎంతసేపు తిరిగారో, ఎన్నిసార్లు అదే చోటికి వచ్చారో. నన్ను చూసి ముఖంలో ఏదో కదిలింది. తర్వాత నవ్వు తెచ్చుకున్నారు.

"ఊకెనే కూసున్న. ఇక్కడ చల్లగుందని."

నేను ఆ చేతుల వైపు చూశాను, కాళ్ళ వైపు చూశాను. "చల్లగుందని కూసుంటే ఇంటికాడ టీ చల్లారుతదని తెల్వదా? లేవుండ్రి!" అని మణికట్టు పట్టుకుని లాగాను. నా కోపమంతా ఆ పట్టులోకి వచ్చింది. వెనక నుంచి వదిన, "మరులుతీగ తొక్కినోళ్ళకు మనిషి చెయ్యి తగలాలె. గట్లనే పట్టుకో అమ్మా, ఇంటిదాంక ఇడువకు" అంది. ఆమె వెళ్ళి మోటరు ఆపింది. మేమిద్దరం ఇంటికి నడిచాం. నేను వదల్లేదు.

ఆ సాయంత్రం గీతలకు కొబ్బరినూనె రాశాను, ఎలా గీరుకుపోయాయని అడగలేదు, ఆయనా చెప్పలేదు. మర్నాడూ అంతే. శుక్రవారం సాయంత్రం ఆయన చొక్కా ఇస్త్రీ చేయించుకుని దండెం మీద వేశారు. నేను చూసి ఊరుకున్నాను. సంతోషంగా ఊరుకున్నాను, నిజం చెప్తున్నాను. పోనీలే, మర్చిపోయారు, ఆ మాటే మర్చిపోయారు అనుకున్నాను. మతిమరుపుకు మొక్కుకున్న మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను లోకంలో.

శనివారం పొద్దున తలదువ్వుకుని, చొక్కా వేసుకుని, బండి తాళం చేతిలో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. ఒకప్పుడు పప్పు గురించి చెప్పిన చోటే.

"మొన్న నేను తప్పిపోయిన్నా?"

నా నోరు ఆగితేగా! "ఏం తప్పిపోవుడు? కోతరోజు! మట్టలు దారికడ్డంగ ఏసిండ్రు. కాలువ నీళ్ళు పొర్లి దారంత బురదాయె. పొద్దున మీరు సరిగ తినలే. నీరసం. ఆ ఎండకు నాకే కళ్ళు తిరిగినయి. అసలు ఆ షెడ్డు కాడ కొత్తగ..."

ఆయన ముఖంలో నెమ్మదిగా నవ్వు పాకుతోంది. నాకు అర్థమై ఆగిపోయాను.

"ఎంతమంది చుట్టాలను పిలిచినవే" అన్నారు. "మట్టలు, కాలువ, నీరసం, ఎండ. జన్మంత వీళ్ళను తరుముకుంట రాసిన. అందరు కలిసి మన ఇంటికే వచ్చిండ్రు. మొదటి చుట్టాన్ని నేనే పిలిచిన. చల్లగుందని కూసున్న అన్న గదా. నువ్వు చూసి గూడ ఊకున్నవు." తర్వాత నవ్వు పోయింది. "నాకు చానా భయమేసింది. మోటరు ఇనబడ్తుంది. ఎటుకెళ్ళి ఇనబడ్తుందో తెల్వలే. నేను నాటిన చెట్లే. ఒక్కటి గూడ నాకు తెల్వలే."

ఆయన నోట భయమన్న మాట నేను ఎన్నడూ వినలేదు.

"ఇప్పుడు చెప్పు. తప్పిపోయిన్నా?"

స్టవ్ మీద పాలు పొంగుతున్నాయి. ఆయన కోసం అబద్ధం చెప్పడం నాకెంత తేలికో! కానీ ఆ అబద్ధంతో ఆయన జన్మంతా చేసిన పనిని నేనే తుడిచేసినట్టు అవుతుంది. అది ఆయనకు జబ్బు కన్నా పెద్ద దెబ్బ.

"తప్పిపోయిండ్రు" అన్నాను. అని, పొయ్యి గట్టు పట్టుకుని భోరుమన్నాను.

ఆయన స్టవ్ కట్టేశారు. బండి తాళం నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూశారు. కాసేపు భుజం మీద చెయ్యి వేసి ఉన్నారు. తర్వాత, "నడువు. పిల్లలకు నేనే చెప్పాలె. ఆటో పిలువు" అన్నారు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన పాఠం నేను ఎప్పుడూ వినలేదు. ఆ రోజు వెనక బెంచీలో కూర్చున్నాను. ఆయన బల్లకు ఆనుకుని నిలబడి, తోట సంగతి మొత్తం చెప్పారు. చల్లగుందని అబద్ధమాడిన సంగతి కూడా దాచలేదు. "నేను పెట్టుకున్న పరీక్షల నేనే ఓడిపోయిన. ఓడిన్నని తెలుస్తుంది గాబట్టి కొంచెం తెలివి ఇంకా మిగిలుందన్నట్టు" అన్నారు. పిల్లలు నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూశారు. నేను నవ్వాను. అప్పుడు వాళ్ళూ నవ్వారు.

ముందు వరసలో ఒక అమ్మాయి లేచింది. "సార్, ఒక్కసారి దారి తప్పితే జబ్బున్నట్టేనా? అట్ల చెప్పలేం గదా సార్?"

మా ఆయన ముఖం పప్పు ఉడికిన రోజులా వెలిగింది. "చెప్పలేం. శభాష్. జబ్బు సంగతి ఇంకా తేలలే. కానీ నేను ఇచ్చిన మాట జబ్బు గురించి కాదు. తప్పిపోతే ఆగిపోత అని. దెబ్బ ఎదుటోళ్ళకు తగిలే కాడ, సాకు ఎంచుకునే హక్కు మనకు లేదు" అన్నారు. ఆ అమ్మాయి కూర్చుంటూ కళ్ళు తుడుచుకుంది. నేను వెనక బెంచీలో ముక్కు చీదుకున్నాను, గది మొత్తానికి వినపడేలా. నా మొగుడు ఇంత గొప్పగా పాఠం చెప్తాడని నాకు అప్పుడే తెలిసింది. అదే ఆఖరి పాఠం.

ఆటోలో వస్తూ ఆయన అడిగారు. "ఆ రోజు మీ వదిన ఏమన్నది? మనిషి చెయ్యి తగిలితే...?"

"ఇన్నరా మీరు?"

"ఇన్న. మరులుతీగ తొక్కితే మనిషి ముట్టుకోవాలె. నాకు ఆ మాట నచ్చింది. డాక్టరు మాట ఇన్నంక నువ్వేం చెయ్యాలెనో నీకు తెల్వలే. ఆమె మాట ఇంటే తెలిసింది. పోయి పట్టుకున్నవు."

"అయితే మరులుతీగ నిజమంటరా? జన్మంత చదివి గిదా?" అని ఎకసెక్కం చేశాను.

"తీగ సంగతి నాకు తెల్వదు. చెయ్యి సంగతి చూడొచ్చు. నువ్వు పట్టుకున్నవు, నేను ఇంటికొచ్చిన. ఒక్కసారి జరిగితే రుజువు గాదు. మళ్ళ తప్పిపోతే మళ్ళ చూద్దాం." ఆటో గుంతలో పడి లేచింది. "ఏం జరిగితే మీ వదిన మాట తప్పని ఒప్పుకుంటవు?"

జవాబు నాకు వెంటనే తట్టింది. వడియాల రోజు అన్నట్టే అనేయొచ్చు. కానీ ఈసారి రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను. ఆయన మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు జబ్బు సంగతి తేలిపోయింది. రెండోసారి ఖమ్మం వెళ్ళినప్పుడు డాక్టరు "వయసు" అన్న మాట ఎత్తలేదు. ఆయన చాలాసార్లు తప్పిపోతున్నారు. తోటలో, వాకిట్లో, ఒక్కోసారి మాట మధ్యలో. చెంచా పేరు పోయింది, పుస్తకాల పేర్లు పోయాయి. మిరపచేనులో తిన్న చెంపదెబ్బ మాత్రం ఉంది, తడవ తడవకీ చెప్తారు. నేను కొత్తగా విన్నట్టు "అయ్యో" అంటాను. సాయంత్రం అయ్యేసరికి చెట్ల మధ్యకు నడిచి వెళ్ళిపోతారు, మోటరు ఆపాలంటారు. వదిన ఎక్కడినుంచైనా చూసి కేకేస్తుంది, "అమ్మా, సారు మరులుతీగ దిక్కు పోతుండు!" అని. నేను పిలవను. వెళ్ళి మణికట్టు పట్టుకుంటాను. ఆయన నా ముఖంలోకి చూస్తారు, కొన్ని రోజులు ఎక్కువసేపే చూస్తారు. తర్వాత నాతో నడుస్తారు.

ఇప్పటిదాకా వదిన మాట తప్పలేదు.

ఆటోలో ఇవ్వని జవాబు నాకు తెలుసు. నేను పట్టుకున్నా ఆయన రాని రోజు, నా చెయ్యి ఎవరిదో తెలియక విడిపించుకున్న రోజు, ఆ మాట తప్పు. ఆయన కోరినట్టు ముందే చెప్తున్నాను. కానీ ఆ రోజు వస్తే నేను మాత్రం ఒప్పుకోను. ఎండ అంటాను, నీరసం అంటాను, నా చెయ్యి చల్లగా ఉందంటాను. చుట్టాలందరినీ పిలుస్తాను. తప్పని చెప్పడానికి నన్ను గుర్తుపట్టే ఆయన అప్పటికి ఉండరు కదా.